పలాస కిడ్నీ పరిశోధన ఆసుపత్రి వల్ల ఉద్దానానికి ఒరిగేదేమిటి?

జీడితోట: శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు పీడిస్తున్న మన ఉద్దానం కోసం 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీళ్లు తెచ్చే దాదాపు 700 కోట్ల పథకాన్నీ అప్పుడే మొదలుపెట్టారు. జబ్బు నీళ్ల వల్లే కదా, మంచినీళ్లొచ్చాక ఇంకా పరిశోధన ఎందుకు? డయాలసిస్ కోసమంటారా, సోంపేటలో ముందునుంచీ ఉంది.

కవిటి రాజు: నీళ్ల వల్లే అని ఎవరు తేల్చారండీ? సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేయడం, నొప్పి మాత్రలు మింగడం అని కూడా అన్నారు. ఏ ఒక్కటీ పూర్తిగా రుజువు కాలేదు. షుగరు, బీపీ లేని కూలీలకూ కిడ్నీలు పాడవుతున్నాయి. శ్రీలంకలో అనూరాధపుర వైపు, మధ్య అమెరికాలో చెరకు కోసేవాళ్లలోనూ ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా కారణం మీద వాదనలు తెగలేదు. నీళ్లు రావాల్సిందే, నేను కాదనను. కానీ కారణం నీళ్లు కాకపోతే, పదేళ్ల తర్వాత మళ్లీ ఇక్కడే కూర్చుని ఇదే మాట్లాడుకుంటాం.

మందస అక్క: డయాలసిస్ సోంపేటలో ఉందంటే సరిపోదు తమ్ముడూ. దానికి ముందు చేతిలో రక్తనాళాలు కలిపే ఫిస్టులా ఆపరేషన్ చేయాలి, కొందరికి కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ కావాలి. మా ఇంట్లో మనిషిని వాటికే విశాఖ తీసుకెళ్లాం. తోడు వెళ్లినవాళ్ల కూలి పోయింది, ఇంటి దగ్గర పిల్లలు పక్కింటివాళ్ల పాలయ్యారు. అంతకంటే పెద్ద బాధ, అక్కడికి చేరేసరికే ఆఖరి దశ. ఈ జబ్బు ముందు ఏ నొప్పీ చూపించదు. ఊళ్లో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేసి, మళ్లీ ఆర్నెల్లకు అదే మనిషికి చేస్తే తెలిసేది.

జీడితోట: అక్కా, పరీక్షలకేం కొదవ? ఎన్ని బృందాలు వచ్చి రక్తం పట్టుకెళ్లాయో! నాకు ఒక్క కాగితం తిరిగి రాలేదు. మనం గినీపందులమా? పైగా పలాసలో నెఫ్రాలజిస్టు, అంటే కిడ్నీ డాక్టరు, కాపురం పెడతాడా? డిప్యుటేషన్ మీద వస్తాడు, శుక్రవారం సాయంత్రం రైలెక్కుతాడు.

కవిటి రాజు: రైలు సంగతిలో మీతో ఏకీభవిస్తాను, జీతం పెంచినా ఆగరు. అందుకే దీన్ని ఒట్టి ఆసుపత్రిగా కాక బోధనాసుపత్రిగా నడపాలంటున్నా. నెఫ్రాలజీ పీజీలకు ఇక్కడ కొన్ని నెలల శిక్షణ తప్పనిసరి చేస్తే వార్డు ఖాళీగా ఉండదు, నేర్పడానికి సీనియరూ ఉండాల్సిందే. వాళ్ల థీసిస్‌కు కావాల్సిన రోగులు ఈ మండలాల్లోనే ఉన్నారు. ఊరి అమ్మాయిలకు డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు పెడితే వాళ్లు రైలెక్కరు కూడా. పడకల లెక్క నాకు పెద్దగా పట్టదు. ఒకే మనిషి రికార్డు పదిహేనేళ్లపాటు ఒకేచోట ఉండటమే అసలు లాభం. వచ్చి వెళ్లిపోయే బృందాలకు అది చేతకాదు.

మందస అక్క: రికార్డు ఆసుపత్రిలో ఉంటే చాలదు రాజూ. రిపోర్టు తెలుగులో, ఆ మనిషి చేతికి అందాలి.

జీడితోట: అలా రాసిస్తే రక్తం ఇస్తా. ఇవ్వకపోతే ఈసారి వ్యాను మా వీధిలోకి రానివ్వను.

కవిటి రాజు: వ్యాను ఆపేటప్పుడు నన్నూ పిలవండి.