నాగోలా, బాచుపల్లా? నీళ్ల దగ్గర ఆగిపోయాం

హైదరాబాద్‌లో సొంత ఫ్లాట్ కోసం నాలుగు నెలలుగా తిరిగి, చివరికి రెండింటి దగ్గర ఆగాం. నాగోల్‌లో 12 ఏళ్ల పాత ఫ్లాట్, 1,150 చదరపు అడుగులు, 78 లక్షలు. బాచుపల్లిలో కొత్తది, 1,400 చదరపు అడుగులు, 80 లక్షలు. నా ఆఫీసు రాయదుర్గంలో.

రెండు చోట్ల నుంచీ సోమవారం ఉదయం 8:30కి బయలుదేరి చూశాను. నాగోల్ నుంచి మెట్రోలో మారకుండా గంట. బాచుపల్లిలో మెట్రో లేదు. బైక్ మీద ఒకరోజు 50 నిమిషాలు, వర్షం పడిన రోజు గంటా నలభై. ఈసీలు (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రాలు) తీయించాం, లాయరుకు చూపించాం, రెండూ బాగానే ఉన్నాయి.

మా ఇద్దరికీ మనసు బాచుపల్లి మీదే ఉంది. గాలి, వెలుతురు, పిల్లలకు ఆడుకునే చోటు, అన్నీ అక్కడే. కానీ పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఏప్రిల్, మే నెలల్లో బోరు ఎండిపోతుందని, ట్యాంకర్లే దిక్కని చెప్పాడు. బిల్డర్‌ను అడిగితే మంజీరా కనెక్షన్ (జలమండలి పైపు నీళ్లు) ఉందంటాడు, నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయో చెప్పడు. ఈఎంఐ మీద ట్యాంకర్ల ఖర్చూ పడితే మాకు కష్టం. ఇదే టెన్షన్.

బాచుపల్లి అపార్ట్‌మెంట్లలో కనీసం రెండు వేసవులు గడిపినవాళ్లు చెప్పండి: ఏప్రిల్, మేలో ట్యాంకర్లకు ఒక్కో ఫ్లాటుకు నెలకు ఎంత పడుతోంది?