అప్‌డేట్: ముగ్గురే ఉన్న సెక్యూరిటీ కన్సల్టింగ్ సంస్థను నమ్మొచ్చా?

మా బాలానగర్ వర్క్‌షాప్ మెయిల్ నుంచి కస్టమర్లకు దొంగ బ్యాంకు వివరాలు వెళ్తున్నాయని, కూకట్‌పల్లిలో ముగ్గురే నడిపే సంస్థకు పని ఇవ్వొచ్చా అని అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో డైరెక్టర్ల పేర్లు చూడమన్న సలహా పనికొచ్చింది, వాళ్లు చెప్పిన పేర్లే ఉన్నాయి. సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) గుర్తించిన ఆడిటర్ల జాబితాలో లేరన్న టెన్షన్ మా పనికి అనవసరం.

ఆ సంస్థ నుంచి వచ్చినావిడ పాస్‌వర్డ్ అడగలేదు. ముందు రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, మా అకౌంటెంట్ పక్కన కూర్చుని మెయిల్ సెట్టింగ్స్ తెరిపించారు. ‘ఇన్‌వాయిస్’ అన్న మాట ఉన్న ప్రతి మెయిలూ ఎవరిదో అడ్రస్‌కు ఫార్వర్డ్ అయ్యేలా ఒక ఫిల్టర్! రెండుసార్లు పాస్‌వర్డ్ మార్చినా అది అలాగే ఉండిపోయింది. దాన్ని తీసేసి, అన్నిచోట్లా లాగౌట్ చేయించి, టూ-స్టెప్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ కూడా అడిగే ఏర్పాటు) పెట్టించారు. అంతకుముందు మేం కంప్యూటర్ ఫార్మాట్ చేయడం మాత్రం వృథా అయింది.

డబ్బు పోయినవాళ్లు ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.