మంత్రి ‘పరిశీలనలో ఉంది’ అని జవాబిస్తే ఆ ప్రశ్న అక్కడితో ముగిసినట్టేనా?

మానుకోట అధ్యాపకుడు:
నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు పౌరశాస్త్రం చెబుతాను. పార్లమెంటు ప్రశ్నల ద్వారా ప్రభుత్వం చేత జవాబు చెప్పిస్తుందని నిన్న వివరిస్తుండగా, కాజీపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "సార్, మా తాత కాలం నుంచి రైలు పెట్టెలు తయారుచేసే కోచ్ ఫ్యాక్టరీ అడుగుతున్నరు కదా, అడిగితే ఏమైంది?" అన్నది. కోచ్ ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలను రైల్వే శాఖ ఆరు నెలల్లో పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలని 2014 విభజన చట్టం 13వ షెడ్యూలులో ఉంది. కాజీపేటలో వ్యాగన్ల యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది 2023 జూలైలో. ఈ తొమ్మిదేళ్లలో ప్రశ్నల వల్ల ఒరిగిందేమిటో ఆ అమ్మాయికి నేను సరిగా చెప్పలేకపోయాను. తెలిసినవారు వివరించగలరు.

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు:
అమ్మాయి అడిగినది న్యాయమైన ప్రశ్న. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రపు గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేని ప్రశ్నలు జాబితాలోకి వస్తాయి. మొదటి రకానికి మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, సభ్యులు వాటిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. కానీ ఉదయం 11 నుంచి 12 దాకా ఉండే ఆ గంటలో కొన్నింటికే వంతు వస్తుంది, మిగిలినవాటికి రాతపూర్వక జవాబే గతి.

అసలు సంగతి ప్రశ్నలోని మాటల్లో ఉంటుంది. "కోచ్ ఫ్యాక్టరీ ప్రతిపాదన ఏదైనా ఉన్నదా? ఉంటే వివరాలేమిటి?" అని అడిగితే మంత్రి ఒక్క వాక్యంతో తప్పుకోవచ్చు. అదే "చట్టం చెప్పిన ఆరు నెలల పరిశీలన ఏ తేదీన ముగిసింది, ఆ నివేదిక ఎవరికి అందింది, దానిపై ఏ నిర్ణయం తీసుకున్నారు, నివేదికను సభ ముందు ఉంచుతారా?" అని అడిగితే ప్రతి భాగానికీ విడిగా జవాబు రాయాల్సి వస్తుంది. పైగా, "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" వంటి జవాబులను సాధారణంగా హామీలుగానే లెక్కిస్తారు. వాటిని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదంటే మంత్రుల హామీలు నెరవేరాయో లేదో చూసే ప్రభుత్వ హామీల కమిటీని గడువు అడగాలి. ఈ కమిటీ గురించి మన పాఠాల్లో ఒక్క వాక్యం మించి ఉండదు, అది నాకు బాధ కలిగిస్తుంది.

జనగామ పాఠకురాలు:
పై మాటతో ఏకీభవిస్తూనే, ప్రశ్నల మీద మరీ ఆశ పెట్టుకోవద్దని నా అభిప్రాయం. ప్రశ్నకు బలం ఉన్నదనడానికి 1957 నాటి ముంధ్రా వ్యవహారమే సాక్ష్యం. జీవిత బీమా సంస్థ సొమ్మును ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన తీరును ఎంపీ ఫిరోజ్ గాంధీ సభలో నిలదీయగా, జస్టిస్ చాగ్లా విచారణ తర్వాత ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1958లో రాజీనామా చేశారు. అయితే అలాంటివి అరుదు.

లెక్కలను ఓపికగా తవ్వే పని కమిటీలది. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ ఇచ్చే నివేదికలను పరిశీలించే ప్రజాపద్దుల సంఘంలో 22 మంది సభ్యులుంటారు, 1967 నుంచి దాని అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికి ఇస్తున్నారు. అక్కడ శాఖాధికారులు కెమెరాలు లేని గదిలో ఫైళ్లు ముందు పెట్టుకొని జవాబు చెప్పాలి. ఒక్కో శాఖ పనిని పరిశీలించే ఎంపీల స్థాయీ సంఘాలు 1993లో, మన హన్మకొండ నుంచి లోక్‌సభకు వెళ్లిన పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ఉన్నప్పుడు ఏర్పడ్డాయి.

లోపమూ చెప్పాలి. కాగ్ నివేదిక డబ్బు ఖర్చయ్యాక వస్తుంది. రాష్ట్ర స్థాయిలోనూ అంతే. మన కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ దగ్గర పిల్లర్లు కుంగింది 2023 అక్టోబరులో, కాళేశ్వరంపై కాగ్ నివేదిక శాసనసభ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో.

మానుకోట అధ్యాపకుడు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రేపు తరగతిలో పిల్లల చేతనే ప్రశ్న రాయించి మా ఎంపీ గారికి పంపాలనుకుంటున్నాను. ఎంత ముందుగా పంపాలి?

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు:
జవాబు కావాల్సిన రోజుకు నిండుగా 15 రోజుల ముందే లోక్‌సభకు నోటీసు అందాలి కనుక, ఎంపీ గారికి అంతకంటే వారం ముందే చేర్చండి. ఒక్కో శాఖకు వారంలో ఒక్కో రోజు కేటాయిస్తారు, సమావేశాల తేదీలు వెలువడగానే రైల్వే శాఖ వంతు ఏ రోజో చూసుకోండి. ప్రశ్న 150 పదాలు దాటకూడదని పిల్లలకు ముందే చెప్పండి సార్.