ప్రైవసీని తెలుగులో ఏమనాలి? గోప్యతా, గుట్టా, చాటా?

అందరికీ నమస్కారం అండి. ఒక మాట కావాలి, పని చిన్నదే గానీ వారం నుంచి తెగట్లేదు.

మేము ముగ్గురం కలిసి విజయనగరంలో కోటకి దగ్గర్లో ఒక అద్దె గదిలో పుస్తకాలు పెట్టుకుని కూర్చుంటున్నాం, ఎవరైనా రావచ్చు చదువుకోవచ్చు ఇంటికి పట్టుకెళ్ళొచ్చు. మొన్న ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ రెండు గోనెసంచుల పుస్తకాలు ఇచ్చారు. విప్పి చూస్తే సగానికి పైగా ఒకే తోవలో ఉన్నాయి. పెళ్ళి లేకుండా కలిసి ఉన్నవాళ్ళ కథలు, ఆడామగా శరీరాల గురించి డాక్టర్లు రాసినవి, పౌరహక్కుల కరపత్రాలు, ఆధార్ కేసు మీద వ్యాసాలు, పి. సత్యవతి గారు తెలుగు చేసిన ఒక హిజ్రా ఆత్మకథ, ముద్దుపళని రాధికా సాంత్వనం ఒకటి (బెంగుళూరు నాగరత్నమ్మ గారు 1910లో అచ్చేయిస్తే బూతు అని తెల్లవాళ్ళు నిషేధించారు చూడండి, అదే, ఇది తర్వాతి ముద్రణ). వీటన్నిటికీ ఒక ర్యాక్ ఇచ్చేశాం. ఇంక దాని మీద అట్టముక్క అంటించాలి కదా, దాని మీద ఏం రాయాలి అన్నదే గొడవ.

ముందు స్కెచ్ పెన్నుతో గోప్యత అని రాశాను. మా ఫ్రెండ్ చూసి ఇదేటే బేంకు ఓటీపీ లాగుంది అంది. నిజమే, పిన్ నంబరు గోప్యంగా ఉంచండి అని ఏటీఎంలో చూస్తాం, టెండరు గోప్యం, ఓటు గోప్యం. సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2017 ఆగస్టు 24న, మర్నాడు పేపర్లన్నీ వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అనే రాశాయి, అయిదు రోజులు తిరక్కుండా గిడుగు వారి జయంతి, మన పర్లాకిమిడి పంతులు గారికి దండలేసి వాడుక భాష గొప్పదని మాట్లాడుకున్నాం, ఆ కొత్త హక్కుకి వాడుకలో ఏం మాట ఉందో మటుకు ఎవరం అడగలేదు. నేనూ అడగలేదు లెండి.

గుట్టు అందామా అంటే అది మా అమ్మమ్మ మాట. సంసారం గుట్టు రోగం రట్టు. కానీ గుట్టు ఎవరిది? ఇంటి గుట్టు అంటాం, సంసారం గుట్టు అంటాం, కోడలి గుట్టు అని నేనెప్పుడూ వినలేదు. మొగుడు తాగొచ్చి కొట్టినా పక్కింటికి తెలీనివ్వని మనిషిని చూసి గుట్టుగా నెట్టుకొస్తోంది పాపం అని మెచ్చుకుంటారు. అంటే గుట్టు ఇంటిది, కాపలా ఆడమనిషిది.

ఇంకో సంగతి, నాది. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక లైబ్రరీలో (పేరొద్దు) చలం గారి పుస్తకం తీసుకున్నాను. బల్ల మీద పొడుగాటి రిజిస్టరు, తేదీ, పేరు, పుస్తకం పేరు, సంతకం. బాల్‌పెన్నుకి దారం కట్టి ఉండేది, అది పొట్టిగా ఉండి నేను వంగి రాయాల్సొచ్చేది. నా కింద గడిలో సంతకం పెట్టినాయన మా నాన్నకి తెలిసినాయన, ఆయన పై గడి చదివేశాడు. నేను ఇంటికెళ్ళేలోపు కబురు ఇంట్లో ఉంది. పుస్తకానికి దారిలో పాత క్యాలెండర్ కాయితంతో అట్ట వేశాను కూడాను, ఏం లాభం! ఆ రోజు ఇంట్లో నా మీద ఎగిరినవాళ్ళు అన్న మాట ఇదీ: ఇంటి గుట్టు రట్టు చేశావు అని. చదివింది నేను, చూసింది ఆయన, చెప్పింది ఆయన, రట్టు చేసింది నేనట.

అందుకని గుట్టు అనే మాట నా చేత్తో ఆ ర్యాక్ మీద రాయలేను. ఇంకేమైనా ఉందా అండి?

*

బొబ్బిలి నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:

అమ్మా, గోప్యతని అంత తేలిగ్గా తోసెయ్యకు. గుప్ అనే ధాతువుకి కాపాడ్డం అనే అర్థం ఉంది, గోప్త అంటే కాపాడేవాడు. దాచడం దాని వెనకాల వచ్చింది. ఏటీఎం వాళ్ళు వాడినంత మాత్రాన మాట చెడిపోదు. అయితే నీ గుట్టు బాధ మటుకు నాకు అర్థమైంది. పేపర్లో గుట్టురట్టు అన్న హెడ్డింగు కింద దొంగసారా, పేకాట, లాడ్జీలో జంట, ఈ మూడూ ఒకే వరసలో ఉంటాయి. గుట్టు అంటేనే లోపల ఏదో తప్పుందని లెక్క. ఏకాంతం అను, ఎలా ఉంటుందో చూడు.

*

మాస్టారూ ఏకాంతం అంటే నాకు దేవుడి పవళింపు సేవ గుర్తొస్తోందండి, పైగా ఏకాంతానికి ఒక్కడే ఉండాలి, ఇక్కడ ఇద్దరున్నవాళ్ళ గొడవ కదా 😄

*

శ్రీకాకుళం కోర్టులో జూనియర్‌ని అండి, ఆలస్యంగా చూశాను.

ఈ మాటకి మన తెలుగాయనే ఒకాయన ముందే పునాది వేశాడు, అది చెప్పకుండా ఎలా. యూపీలో ఖరక్ సింగ్ అని ఒకాయన, బందిపోటు కేసులో పట్టుకుని సాక్ష్యం లేక వదిలేశారు, కానీ పోలీసులు షీటు తెరిచి రాత్రిపూట వచ్చి తలుపు కొట్టడం మొదలెట్టారు, ఉన్నావా లేవా అని. 1962లో సుప్రీంకోర్టులో ఆరుగురు జడ్జీలు, రాత్రి తలుపు కొట్టడం తప్పేగానీ ప్రైవసీ అనే హక్కు రాజ్యాంగంలో లేదు అని నలుగురు అన్నారు. మన రాజమండ్రి కోకా సుబ్బారావు గారు, ఇంకో జడ్జీ గారు, ఒప్పుకోలేదు, ఆ మాట రాజ్యాంగంలో రాసి లేకపోయినా స్వేచ్ఛలో అది భాగమేనని రాశారు. యాభై అయిదేళ్ళకి తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని ఆయన చెప్పిందే కరెక్టు అన్నారు. నేను మాట కోసం చూసేది ఆ తలుపు దగ్గరండి. లోపల ఏదో దాస్తున్నాడని కాదు, అర్ధరాత్రి నా తలుపు కొట్టొద్దు అని. దాచడం అనే అర్థం ఉన్న మాట ఏదైనా దీనికి సరిపోదు, మాస్టారు గారు ఏమనుకోకండి.

ఇంకోటి. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో సినిమా నటి సరిత గారి కేసు. హిందూ వివాహ చట్టంలో సెక్షన్ 9, పుస్తకాల తెలుగులో దాంపత్య హక్కుల పునరుద్ధరణ. మా ఆఫీసుకొచ్చేవాళ్ళు ఆ మాట అనరు, కాపరానికి రమ్మని కేసేశాడండీ అంటారు. ఎంత నిక్కచ్చిగా ఉందో చూడండి, కోర్టు బిళ్ళ బంట్రోతు వచ్చి పద అమ్మా కాపరానికి అన్నట్టు. జస్టిస్ పి. ఎ. చౌదరి గారు ఆ సెక్షన్ చెల్లదని కొట్టేశారు, ఆడమనిషి ఒంటి మీద నిర్ణయం సర్కారుది కాదు అనే అర్థం వచ్చేలా. మరుసటేడు సుప్రీంకోర్టు వేరే కేసులో సెక్షన్ ఉంటుందంది, అది వేరే సంగతి.

మాటలతో తంటా ఇంకా ఉంది. 2018 సెప్టెంబరు 27న సెక్షన్ 497 కొట్టేశారు. పెళ్ళైనామెతో వేరే మగాడు ఉంటే ఆమె భర్త కేసు పెట్టే సెక్షన్ అది, ఆమె అనుమతి లెక్కలోకే రాదు, భర్త ఒప్పుకుంటే మాత్రం నేరం కాదు, ఆస్తి తగాదా లాగా. తెలుగులో వచ్చిన ముక్క: వ్యభిచారం నేరం కాదు. మర్నాడు మా సీనియర్ దగ్గరికి ఒకాయన వచ్చి అయితే ఇంక లాడ్జీల మీద రైడింగులుండవా సార్ అని అడిగాడు, ఆయన లాడ్జీ ఓనరు మరి. మన దగ్గర డబ్బులు తీసుకుని చేసేదానికీ ఇష్టపడి ఉన్నదానికీ ఒకటే మాట వాడితే ఇంతే. అక్రమ సంబంధం అని ఇప్పటికీ రాస్తున్నారు, నేరమే కాదన్నాక ఏ క్రమానికి అక్రమం?

*

ఇలాంటి పుస్తకాలకి వేరే ర్యాకు ఎందుకండి, చదివేవాళ్ళు ఎలాగూ చదువుతారు, పిల్లలు కూడా వస్తారు కదా. తప్పుగా అనుకోకండి.

*

(మొదట పోస్టు పెట్టినామెని) తప్పుగా ఏం అనుకోనండి. పిల్లల పుస్తకాలు కిటికీ వైపు, ఇవి ఇటు గోడకి, పై అరల్లో. తాళం మటుకు వెయ్యం. జూనియర్ గారూ, ఆ తలుపు మాట బుర్రలో తిరుగుతోంది.

*

పేరు లేని ఎకౌంట్, క్షమించాలి, మాది చీపురుపల్లి వైపు, ఉద్యోగం వైజాగ్.

2018లోనే సెప్టెంబరు 6న 377 తీర్పు వచ్చింది. ఆ రోజు ఇంట్లో టీవీలో కింద అక్షరాలు పరిగెడుతుంటే అందరం అన్నాలు తింటున్నాం, స్వలింగ సంపర్కం నేరం కాదు అని. అమ్మ చానెల్ మార్చేసింది. సంపర్కం ఏంటండీ, రెండు కరెంటు వైర్లు తగిలినట్టు. నాకు ఒక మనిషంటే ఇష్టం, ఇష్టం అనే మాట తెలుగులో ఎప్పట్నుంచో ఉంది కదా. ఇంటి ఓనరుకి రూమ్మేట్లం అని చెప్పాం, ఆయన అడక్కపోయినా రెండు మంచాలు వేరు వేరుగా వేసి ఉంచుతాం ఎప్పుడైనా పైకొస్తాడేమో అని. గుట్టుగా ఉండడం నాకు బాగా వచ్చండి, ఎనిమిదేళ్ళుగా అదే పని. ప్రైవసీ అంటే తెలుగులో అదే అయితే నాకొద్దు, అట్ట మీద అది రాయకండి.

*

పలాస దగ్గర బళ్ళో పనిచేస్తాను అండి, టీచర్ని. మీరు పుస్తకాల్లో వెతుకుతున్నారు, నేను ఈ మాట తుపానులో విన్నాను.

తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లారుగట్ల మా వైపే తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరిచెట్లు పడుకున్నాయి, కరెంటు చాలా రోజులు లేదు. మా బళ్ళో రెండు గదులు జనంతో నిండిపోయాయి, ఆడా మగా పిల్లా జెల్లా అందరూ తడిబట్టలతో. బట్టలు మార్చుకోడానికి సందు లేదు. ఒక ముసలమ్మ లేచి గట్టిగా అరిచింది, "ఒలే, ఓ పక్కన సాటు కట్టండర్రా, ఆడకూతుర్లు ఎలగ నిలబడతారు" అని. ఇద్దరు తమ చీరలు తీసిచ్చారు, ఒక కొస కిటికీ ఊచకి, ఒక కొస బ్లాక్‌బోర్డు మేకుకి, మధ్యలో కుంగిపోతోందని బెంచీ నిలబెట్టి దానికో ముడి. అంతే, సాటు అయిపోయింది. మగాళ్ళకి ఎవరూ చెప్పలేదు, అటు తిరిగి కూర్చున్నారు. వారం పాటు ఆ చీర అక్కడే ఉంది, పాలిచ్చే తల్లులు ఉన్నారు, లోపల ఏం జరుగుతోందని ఎవరూ అడగలేదు.

మా ఇళ్ళల్లో కూడా అంతే, ఒకటే గది, కొత్తగా పెళ్ళైనవాళ్ళకి మూలనో చీర కట్టిస్తారు, దాన్ని సాటు అనే అంటాం. మీరు రాసుకుంటే చాటు.

*

బొబ్బిలి మాస్టారు మళ్ళీ: చాటు బాగుంది తల్లీ, ఇక్కడో చిక్కుంది కానీ. తల్లిచాటు బిడ్డ, మొగుడిచాటు పెళ్ళాం అంటాం. ఎప్పుడూ ఇంకొకరి నీడలో ఉండడమే. పైగా చాటడం అంటే డప్పు వేసి చెప్పడం. దాచేదీ చాటే, ఊరంతా చెప్పేదీ చాటే!

*

టీచరమ్మ: మాస్టారూ అవి ఎవరిచాటు అన్న మాటలు. కట్టిన సాటు వేరు కదండీ, చీర వాళ్ళదే ముడి వాళ్ళదే. డప్పు సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు 😄

*

పేరు లేని ఎకౌంట్: ఇది రాయండి.

*

(మొదట పోస్టు పెట్టినామె, పది రోజుల తర్వాత)

చాటు అని రాసి అంటించేశాం, నీలం స్కెచ్ పెన్ను, కొంచెం వంకరగా వచ్చింది. ఇంకో పని కూడా చేశాం, రిజిస్టర్లో పుస్తకం పేరు గడి కొట్టేశాం. పుస్తకాలకి నంబర్లు వేసి నంబర్ల లిస్టు నా సొరుగులో పెట్టాను, వచ్చినవాళ్ళు నంబరు రాస్తే చాలు. పెన్నుకి దారం కూడా తీసేశాం, రెండో రోజే పెన్ను పోయింది.

నిన్న సాయంత్రం ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. నేరుగా ఆ ర్యాక్ దగ్గరికెళ్ళి పావుగంట వెతికాడు, చివరికి నా దగ్గరికొచ్చి "శ్రీనాథుడి చాటు పద్యాలు ఇక్కడ లేవా అండి?" అన్నాడు. మాస్టారూ, మీకు కూడా తట్టలేదు చూశారా ఈ చిక్కు! లేవు నాన్నా, ఇది ఆ చాటు కాదు అన్నాను. మరేం చాటు అని అడగలేదు. వెనక్కెళ్ళి ఇంకాసేపు నిలబడి ఒకటి తీసుకుని వచ్చి, 41 అని రాసి, పుస్తకం ఇటు తిప్పి పట్టుకుని "దీనికేమైనా అట్ట ఉందా అండి" అన్నాడు.

గోడ మీద క్యాలెండర్లో అయిపోయిన నెల చింపి ఇచ్చాను.