తాతగారి వించెస్టర్ 1895: కొత్తగా మెరుగు పెట్టించాలా, ఉన్నదున్నట్టు కాపాడుకోవాలా?

ప్రశ్న (వైట్‌ఫీల్డ్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా తాతగారిది మదనపల్లె దగ్గర ఒక పల్లె. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా ఆయన వేటకు వెళ్ళేవారు. ఆయన వాడిన రైఫిల్ వించెస్టర్ 1895 నమూనా, .405 బోరు (గొట్టం రంధ్రపు కొలత), కింద ఉన్న లీవరును ముందుకు తోసి వెనక్కి లాగితే తూటా ఎక్కే రకం. తాతగారి తరువాత అది నాన్నగారి లైసెన్సు మీదికి వచ్చింది. నాన్నగారు నిరుడు బెంగళూరులోనే కాలం చేయడంతో, దానిని లైసెన్సు ఉన్న ఒక తుపాకుల దుకాణంలో జమ చేసి రసీదు తీసుకున్నాను.

గొట్టం మీది నీలిపూత సగానికి పైగా పోయి గోధుమరంగుకు తిరిగింది. ఏళ్ళ తరబడి తోలు సంచిలో ఉండటంవల్ల ఒక పక్కంతా తుప్పు చుక్కలు పడ్డాయి, మడమ (భుజానికి ఆనించే భాగం) మొదట్లో కొయ్య నూనె తాగి నల్లబడింది. గొట్టం మీద, అరిగిపోయినా చదవగలిగేలా, అప్పటి మద్రాసు దుకాణం పేరు చెక్కి ఉంది. పాలిష్ పట్టించి నీలిపూత కొత్తగా వేయిస్తే పెట్టెలోంచి అప్పుడే తీసినట్టుంటుందని దుకాణంవారు అంటున్నారు. నేను దీనిని పేల్చబోవడం లేదు, ఇంట్లో ఒక జ్ఞాపకంగా ఉంచుకోవాలన్నదే కోరిక. పూత వేయించమంటారా? లైసెన్సు సంగతి ఎలా?

మొదటి జవాబు (మైలాపూరు, చెన్నై)

వేయించకండి. పాత లోహ వస్తువుల పరిరక్షణలో చాలాకాలం పనిచేసిన అనుభవంతో ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొత్త పూత నిలవాలంటే ముందు పాత పూతను, తుప్పు గుంటలను పాలిష్ చక్రం మీద అరగదీయాలి. అప్పుడు గొట్టపు అంచులు గుండ్రబడతాయి, స్క్రూల తలల చుట్టూ పల్లాలు పడతాయి, అన్నిటికన్నా ముందు చెక్కిన అక్షరాలు పోతాయి. 1895 నమూనా రైఫిళ్ళు నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో ఎక్కువ భాగం మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో రష్యా సైన్యం కోసం చేసినవే. ఆ లక్షలలో మీ దానిని వేరుచేసి చూపేది మద్రాసు దుకాణం పేరున్న ఆ ఒక్క వరుస. దానిని అరగదీయడానికి మీరే డబ్బు ఇస్తానంటున్నారు.

గోధుమరంగు అంతా నష్టమే అనుకోనక్కరలేదు. నీలిపూత కూడా తుప్పు నుంచి పుట్టిందే: పూర్వపు పనివారు గొట్టానికి సన్నగా తుప్పు పట్టించి, మరిగే నీటిలో ముంచి, ఆ ఎర్రని తుప్పు నల్లని ఆక్సైడుగా మారాక పొడిని బ్రష్షుతో దులిపి, ఇదే పని ఎన్నోసార్లు చేసి నీలిపూత తెచ్చేవారు. ఇప్పటి దుకాణాలలో ఎక్కువగా చేసేది సుమారు 140 డిగ్రీల వేడి మీద కాగే కాస్టిక్ లవణాలలో ముంచడం. (ఇది చదివే వారెవరి దగ్గరైనా జంట గొట్టాల తుపాకి ఉంటే దానిని ఆ తొట్టి దగ్గరికి కూడా తీసుకెళ్ళకండి, గొట్టాలను కలిపి ఉంచే మెత్తని టంకాన్ని ఆ లవణాలు తినేస్తాయి.) అణగిపోయిన గోధుమరంగు ఇక పెరగదు, వేలు పెట్టి రాస్తే ఎర్రగా అంటేది మాత్రమే బతికి ఉన్న తుప్పు. దాని మీద పలుచని నూనె వేసి రెండు మూడు రోజులు ఆగి, ఉక్కుకంటే మెత్తనిదైన కంచు ఊలుతో (సన్నని కంచు పీచు ఉండతో), తొందర లేకుండా రుద్దితే తుప్పు లేచిపోతుంది, కింది పూత మిగులుతుంది. ఉప్పు కాగితం వద్దు.

గొట్టం లోపల కూడా చూపించండి. ఆ కాలపు తూటాల ప్రైమరులో, అంటే తూటా అడుగున నిప్పు రాజేసే మందులో, పొటాషియం క్లోరేటు ఉండేది. అది మండాక మిగిలే లవణం గాలిలోని తేమను పీలుస్తుంది, నూనెలో కరగదు. అందుకే పాత వేటగాళ్ళు ఇంటికి రాగానే గొట్టంలో వేడినీళ్ళు పోసేవారు. మీ తాతగారు ఆ అలవాటున్న మనిషో కాదో గొట్టమే చెబుతుంది.

కొయ్య నల్లబడింది మరనూనె వల్లే. మూతి పైకి పెట్టి నిలబెడితే నూనె కిందికి జారి మడమలో ఇంకుతుంది, ఏళ్ళు గడిస్తే కొయ్య మెత్తబడుతుంది. మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి. కొయ్యకు వార్నీషు పూయకుండా, అవిసెనూనె అరచేతితో బొట్టుబొట్టుగా రుద్దితే చాలు. తోలు సంచి మీకు ఎంత ఇష్టమైనా వేరుగా దాచండి, తోలును పదును చేయడానికి వాడిన ఆమ్లాలు ఇనుముకు పడవు. మా చెన్నై ఉప్పుగాలికి నేను మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని నమ్ముతాను. బెంగళూరులో నెలకొకసారి నూనెగుడ్డతో తుడిచినా సరిపోతుంది.

రెండవ జవాబు (హెబ్బాళ, బెంగళూరు)

నూరేళ్ళు దాటిన తుపాకికి లైసెన్సు అక్కరలేదని విన్నాను. అదే నిజమైతే ఈ జమలూ రసీదులూ ఎందుకండీ?

మూడవ జవాబు (జయనగర్, బెంగళూరు, వృత్తి వకాలతు)

ఆ మాట నేనూ తరచుగా వింటుంటాను, అందుకే వివరంగా రాస్తున్నాను. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇస్తున్న మాట నిజమే. అయితే మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకిగా పనికిరాని స్థితిలో ఉన్నవాటికే అది వర్తిస్తుంది. వయసు ఒక్కటే చాలదు. పైగా .405 తూటా వచ్చిందే 1904లో, ఈ నమూనా తయారీ 1930ల మొదటిదాకా సాగింది, కనుక ఈ రైఫిల్‌కు నూరేళ్ళు నిండాయో లేదో కూడా చూడవలసిందే.

ప్రశ్న అడిగినవారు జమ చేసి మంచి పని చేశారు, 21వ సెక్షన్ కోరేది అదే. ఇక మీరు 2016 ఆయుధాల నియమాల ప్రకారం వారసుడిగా దరఖాస్తు చేసుకోవచ్చు. నగరంలో లైసెన్సు ఇచ్చే అధికారి పోలీసు కమిషనరు. వారసత్వ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకారం ముందే సిద్ధం చేసుకోండి. ఇటువంటి దస్త్రాలు ఆగేది చాలావరకు అన్నదమ్ముల సంతకం దగ్గరే. 2019 సవరణ తరువాత ఒకరి పేరిట రెండు తుపాకులకు మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోకే వస్తుంది. మీది .303 కాకపోవడం మీ అదృష్టం; అది మామూలు లైసెన్సుకు అందని ‘నిషిద్ధ బోరు’ కనుక దారి చాలా ఇరుకు. మరొక మాట: చట్టం ప్రకారం తుపాకి మరమ్మతు వ్యాపారానికి కూడా లైసెన్సు కావాలి, కాబట్టి ఎంత నైపుణ్యం ఉన్నవాడైనా వీధి చివరి వడ్రంగికి ఆ మడమను ఇవ్వకండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం దుకాణానికి వెళ్ళి పాలిష్ వద్దని రాసి ఇచ్చాను, వారు కాస్త నిరాశపడ్డారు. గొట్టం లోపల దీపం వేసి చూపించారు: మూతి వైపు కొద్దిగా గుంటలున్నా, తూటాను తిప్పే గాడులు చివరిదాకా స్పష్టంగా కనిపిస్తున్నాయి. మైలాపూరు పెద్దలూ, తాతగారు వేడినీళ్ళు పోసేవారేనండీ! అన్నయ్య హైదరాబాదులో ఉన్నాడు, సంతకం కోసం ఆదివారం బయలుదేరుతున్నాను.

మొదటి జవాబు రాసినవారు

సంతోషం. ఈసారి దుకాణానికి వెళ్ళినప్పుడు క్రమసంఖ్య రాసుకోండి. అది 60,000 లోపు అయితే, అమెరికాలోని కోడీ పట్టణపు మ్యూజియంలో ఉన్న వించెస్టర్ కర్మాగారపు చిట్టాలలో దాని వివరం దొరికే అవకాశం ఉంది. తెలుసుకోవాలన్న ఆత్రంలో మరలు మాత్రం విప్పకండి. ఈ నమూనా లోపలి అమరిక చాలా చిక్కు, పైగా సరిగా అమరని స్క్రూడ్రైవరు జారితే పడే గీత ఏ మైనంతోనూ పోదు.