బ్యాటరీ మైటర్ సా: ఏ సైజు, ఏ బ్యాటరీ?

కావలి_కొయ్యపని:
ఇంటి పనులకి బ్యాటరీ మైటర్ సా (కొయ్యని అడ్డంగా, కోణంలో కోసే రంపం మిషను) ఒకటి కొందామని చూస్తన్నా. ఫోటో ఫ్రేములు, మొక్కల స్టాండ్లు, కూర్చునే బల్లలు, ఆ తర్వాత చిన్న టేకు దేవుడి మందిరం. కొయ్య అంతా అడితిలో కొన్న టేకు రీపర్లు, ప్యాకింగ్ పెట్టెల పైన్, కొంచెం పాత గుమ్మాల వేప. పని మిద్దె మీద, అక్కడ ప్లగ్గు లేదు. 18 వోల్టుల డ్రిల్లు ఉంది, దాంతో వచ్చిన 2 ఆంపియర్-అవర్ (ఎంత చార్జి పడుతుందో చెప్పే అంకె) బ్యాటరీలు రెండు ఉన్నాయి. వాటితో నడుస్తదా? బ్లేడు 184, 190, 216, 254 మి.మీ. అని రకరకాలు చూపిస్తన్నారు, తేడా ఏంది? అమెరికాలో ఉండే మా బావ సంక్రాంతికి వస్తా అక్కడి 20 వోల్టుల మిషను తెస్తానంటున్నాడు. తెప్పించుకోవచ్చా?

ఒంగోలు_మూలమట్టం:
బ్లేడు సైజు అలా ఉంచండి. ఎంత ఎత్తు, ఎంత వెడల్పు కోస్తుందో డబ్బా మీద చదవండి. నిటారు కోతలో 184, 190 బ్లేడ్లు సుమారు 50 మి.మీ. ఎత్తు కోస్తాయి, 216 అయితే 70, 254 అయితే 90 దాకా. ఇక్కడొక మెలిక ఉంది. మన అడితిలో రెండంగుళాల కాలు అంటే 51 మి.మీ. సరిగ్గా 50 దగ్గర ఆగే మిషనులో ఆ ఒక్క మి.మీ. కింద తెగకుండా మిగిలిపోద్ది, కొయ్య తిప్పి రెండో కోత వెయ్యాలి, అక్కడ మెట్టు పడుద్ది. చిత్రిక పట్టి 45 మి.మీ.కి తెచ్చాక కోస్తే ఇబ్బంది లేదు. బల్లలు కూడా చేస్తానంటున్నారు కాబట్టి నా ఓటు 216కే. 4×3 గుమ్మం కొయ్య అయితే 216కి కూడా ఒక్క కోతలో తెగదు, పడుకోబెట్టినా 76 మి.మీ. ఎత్తు ఉంటది. దానికి 254 కావాలి, మీకు ఆ పని లేదు.

వెడల్పు స్లైడింగ్‌ని, అంటే బ్లేడు తల కడ్డీల మీద ముందుకీ వెనక్కీ జరిగే దూరాన్ని బట్టి ఉంటది. 45 డిగ్రీలకి తిప్పితే ఆ వెడల్పు మూడింట రెండొంతుల చిల్లరకి పడిపోద్ది. నేరుగా 300 కోసే 190 మిషను 45 దగ్గర 212 దాకే కోస్తుంది. ఫ్రేములకి అది చాలు. 8×4 ప్లైవుడ్ షీటు చీల్చడం మాత్రం మైటర్ సా పని కాదు, దానికి సర్క్యులర్ సా (చేత్తో తోసే గుండ్రటి రంపం) వేరే ఉండాలి.

మీ 2 ఆంపియర్-అవర్ ప్యాకులు ఈ మిషనుకి పనికిరావు. వాటిలో సెల్లులు అయిదే, ఒకదాని వెనక ఒకటి. మొత్తం కరెంటు ప్రతి సెల్లు గుండా పోవాలి. ఎండిన వేపలో బ్లేడు దిగేసరికి వోల్టేజి కుంగి మిషను తనే ఆగిపోద్ది. మామూలు 5 ఆంపియర్-అవర్ ప్యాకులో పది సెల్లులు రెండేసి జతలుగా ఉంటాయి, ఒక్కోదాని మీద సగం భారమే. కనీసం 4, వీలైతే 5 తీసుకోండి. డ్రిల్లు ఏ కంపెనీదో మిషను కూడా ఆ కంపెనీదే చూడండి, చార్జరు ఖర్చు తప్పుద్ది. ‘సోలో’ అని ఉన్న డబ్బాలో బ్యాటరీ, చార్జరు ఉండవు, ధర చూసి చవక అనుకోవద్దు.

నెల్లూరు_రంపపుపొట్టు:
అన్నా, అసలు బ్యాటరీ ఎందుకు? మైటర్ సా డ్రిల్లులా చేత్తో పట్టుకుని ఇల్లంతా తిప్పే వస్తువు కాదు. ఒకచోట బల్లకి బిగిస్తాం. బ్యాటరీలు, చార్జరు కలుపుకుంటే ఆ డబ్బులో వైరు మిషను కొని, మంచి బ్లేడు, వ్యాక్యూమ్ కూడా కొనొచ్చు. 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచి 2.5 చదరపు మి.మీ. రాగి కేబులు మిద్దె మీదికి లాగించండి. సన్న ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. వోల్టేజి పడిపోయి మోటారు కాలతది. ఇన్వర్టరు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వైరు మిషను 1500 నుంచి 1800 వాట్లు లాగతది, 900 వి.ఎ. ఇన్వర్టరు దాన్ని మోయలేదు.

బ్యాటరీనే కావాలంటే ఇంకోటి గుర్తుపెట్టుకోండి. రోహిణి కార్తెలో మిద్దె మీద కోసిన వేడి ప్యాకుని చార్జరులో పెడితే అది చల్లబడిందాకా చార్జి ఎక్కదు. నీడలో అరగంట ఉంచి పెట్టాలి.

కావలి_కొయ్యపని:
కేబులు లాగించడం కుదరదన్నా, అద్దె ఇల్లు. బ్యాటరీదే. మరి అమెరికా మిషను సంగతి? బ్లేడు కూడా చెప్పండి.

సింగరాయకొండ_చిత్రిక:
అమెరికా 20 వోల్టులు, మన 18 వోల్టులు ఒకటే. అయిదు సెల్లులు 3.6 చొప్పున 18. పూర్తిగా చార్జి అయ్యాక భారం లేకుండా కొలిస్తే 20 పైచిలుకు, అక్కడ ఆ అంకె రాసుకుంటారు. చిక్కంతా చార్జరుతో. అది 120 వోల్టులది, మన 230లో పెడితే పోతది. విడి బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతిసంచిలోనే తేవాలి. 100 వాట్-అవర్ (వోల్టులని ఆంపియర్-అవర్‌తో గుణిస్తే వచ్చేది) లోపువైతే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. 18 వోల్టుల 5 ఆంపియర్-అవర్ ప్యాకు 90 వాట్-అవర్. వారంటీ చాలావరకు కొన్న దేశానికే. మీ బావగారి సామాను బరువులో చాలా భాగం ఈ మిషనే తినేస్తది. బదులుగా మంచి బ్లేడ్లు రెండు తెమ్మనండి. కాకపోతే నడిమి రంధ్రం చూసుకోవాలి. అక్కడి 7¼ అంగుళాల బ్లేడుకి 5/8 అంగుళం ఉంటది, ఇక్కడి 216 మిషన్లకి ఎక్కువగా 30 మి.మీ.

బ్లేడు విషయానికొస్తే, మిషనుతో వచ్చేది తరచుగా 24 పళ్లది, టేకు అంచు పేడు లేపతది. ఫ్రేములకి 216లో 48 నుంచి 60 పళ్లు. కోత మందం 1.8 మి.మీ. దాకా ఉన్న పల్చటిది తీసుకోండి. 2.6తో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ కొయ్య పొట్టవుతది, ఆ మేరకి బ్యాటరీ నిలుస్తది. మార్బుల్ కట్టరు బ్లేడు ఎక్కించే ఆలోచన ఎవరైనా చెబితే వినొద్దు. ఏ బ్లేడైనా దాని మీద రాసిన ఆర్‌పీఎం మిషను వేగం కంటే ఎక్కువుండాలి.

పాత గుమ్మాల వేప కోసేముందు అయస్కాంతం తిప్పండి. విరిగిన మేకు లోపలుంటే బ్లేడు కార్బైడ్ (గట్టి లోహం) పన్ను ఊడి ముఖం మీదికొస్తది. వంగిన బద్దని వంపు ఉబ్బు ఫెన్స్‌కి (మిషను మీద కొయ్య ఆనించే నిలువు పట్టీకి) ఆనేటట్టు పెట్టాలి. తిరగేసి పెడితే కోత మూసుకుని బ్లేడుని పట్టేస్తది.

ఒంగోలు_మూలమట్టం:
మిషను ఇంటికి రాగానే 90 డిగ్రీల కోత సరిచూడండి, స్కేలు గుర్తుని నమ్మొద్దు. 100 మి.మీ. వెడల్పు పలక ఒకటి కోసి, ఒక ముక్కని బోర్లా తిప్పి, రెండు కోతలనీ తిన్నని పట్టీ వెంబడి ఎదురుగా చేర్చండి. కనిపించే సందు అసలు తప్పుకి రెట్టింపు. ఒక మి.మీ. సందుంటే తప్పు అర మి.మీ. అంటే పావు డిగ్రీకి కొంచెం పైన. ఫ్రేములో 45 డిగ్రీల కోతలు ఎనిమిది, ప్రతిదాంట్లో పావు డిగ్రీ కలిస్తే ఆఖరి మూలకి రెండు డిగ్రీలు. రెండంగుళాల పట్టీలో అది 2 మి.మీ. పైన సందు. ఫెన్స్ బోల్టులు వదులు చేసి మూలమట్టం ఆనించి సరిచేసుకోవాలి.

ఎదురెదురు పట్టీల పొడవు ఒకటిగా రావాలంటే స్టాప్ బ్లాక్ (కావాల్సిన పొడవు దగ్గర బిగించే అడ్డ ముక్క) పెట్టండి. బ్లాక్ వైపు ముక్కనే చేత్తో నొక్కి పట్టాలి. పట్టుకోని ముక్క బ్లాక్‌కీ బ్లేడుకీ మధ్య ఇరుక్కుంటే తూటాలా పోద్ది. కోత అయ్యాక బ్లేడు పూర్తిగా ఆగిందాకా తల పైకెత్తొద్దు. చేతికి గ్లోవ్స్ వద్దు, కళ్లద్దాలూ మాస్కూ మానొద్దు.

నెల్లూరు_రంపపుపొట్టు:
సరే, బ్యాటరీదే అయితే స్లైడింగ్ కడ్డీలు చూసుకోండి. కావలిలో సముద్రపు గాలి, ఉప్పు పట్టతది. నూనె పూస్తే పొట్టు అంటుకుని బంక అవుతది, కొవ్వొత్తి మైనం రుద్ది గుడ్డతో తుడవండి. రాత్రి మిద్దె మీద వదిలేయొద్దు.