కబుకిచోలో కబుకి ఎక్కడుంది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. టోక్యో వచ్చి మూడు నెలలైంది, ఉండేది నిషికసాయిలో. మొన్న శుక్రవారం ఆఫీసు వాళ్లతో షింజుకులో తినేసి కబుకిచోలో కాసేపు తిరిగాం. ఎర్రగా వెలిగే కమాను, బిల్డింగ్ మీంచి తొంగిచూసే గాడ్జిల్లా తల, బార్లు, కరావొకేలు అన్నీ ఉన్నాయి కానీ జపాన్ సంప్రదాయ నాటకం కబుకి ఆడే నాటకశాల మాత్రం కనబడలేదు. ఒకప్పుడు ఉంటే పడగొట్టేశారా? వచ్చే నెల మా బావమరిది వస్తున్నాడు, రాత్రిపూట అక్కడికి తీసుకెళ్లొచ్చా?

జవాబు 1:
పడగొట్టలేదండీ, అసలు కట్టనే లేదు! 1945లో బాంబు దాడులకు ఆ పేటంతా కాలిపోయింది. యుద్ధం అయ్యాక సుజుకి కిహెయ్ అనే స్థానిక పెద్ద అక్కడివాళ్లను కూడగట్టి, కబుకి నాటకశాల మధ్యలో ఉండేలా పేటను మళ్లీ కట్టుకుందామన్నాడు. ఆ ఆశతోనే 1948లో కబుకిచో అని పేరు పెట్టారు, పేరు సూచించింది నగర ప్రణాళికలు వేసే ఇషికావా హిదెయాకి. డబ్బు చాలక, కట్టడాల మీద ఆంక్షలు ఉండి నాటకశాల రాలేదు, పేరు ఉండిపోయింది. 1956లో కోమా అనే వేరే థియేటర్ వచ్చింది, అది 2008లో మూతపడింది, మీరు చూసిన గాడ్జిల్లా బిల్డింగ్ ఆ స్థలంలోదే. బూడిద ఇంకా చల్లారకముందే నాటకం గురించి ఆలోచించిన మనుషులు వాళ్లు, నాకైతే ఆ వీధుల్లో నడిచినప్పుడల్లా అదే గుర్తొస్తుంది.

జవాబు 2:
తీసుకెళ్లండి బ్రో, భయం లేదు. కానీ రోడ్డు మీద వెంటపడి "రండి, చవక" అని పిలిచేవాళ్లతో మాత్రం వెళ్లొద్దు, మైకుల్లో కూడా అదే చెబుతుంటారు. నా ఫ్రెండ్ ఒకతను అలాగే వెళ్లి రెండు బీర్లకు నెల ఖర్చంత కట్టి వచ్చాడు, ఇక్కడ దాన్ని బొత్తకురి అంటారు. దానికంటే హనజొనో గుడి పక్కన గోల్డెన్ గాయ్‌కి వెళ్లండి. ఇరుకు సందుల్లో దాదాపు 200 బుల్లి బార్లు, ఒక్కోదాంట్లో ఏడెనిమిది మంది పడితే ఎక్కువ. కూర్చున్నందుకే విడిగా ఛార్జీ ఉంటుంది, తలుపు మీద రాసింది చూసుకుని వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ ఇద్దరికీ. మరి నిజం కబుకి చూడాలంటే?

జవాబు 1:
హిగాషిగింజాలో కబుకిజా అనే నాటకశాల ఉంది. మీ తోజాయి లైన్లోనే కయబచో దాకా వెళ్లి హిబియా లైన్ మారండి. మొత్తం ఆట కూర్చోలేకపోతే ఒక్క అంకానికే టికెట్ దొరుకుతుంది. మధ్యాహ్నం అది చూసి, సాయంత్రం కబుకిచో పెట్టుకోండి. కాకపోతే చివరి రైలు టైము ముందే చూసుకోండి, అది పోతే నిషికసాయికి టాక్సీ చాలా అవుతుంది.